రాళ్లతో ఉతికిన కీబోర్డు

కీబోర్డు బటన్లను జీన్స్ ప్యాంటు కాలులో మూటగట్టి, రాళ్లూ బ్లీచూ వేసి ఉతికించిన గుమాస్తాను ఈ భూమ్మీద నేనొక్కడినే అయి ఉంటాను. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. కానీ ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చేసిన సరైన పనులేవీ ఎవరికీ గుర్తు లేవు. ఈ ఒక్క పొరపాటును మాత్రం మా యూనిట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారట. వేరేవాళ్లు మసాలా దట్టించి మీకు చెప్పేలోగా నేనే చెప్పేస్తే మేలనిపించింది.

నేను పనిచేసింది బళ్ళారిలో ఒక జీన్స్ వాషింగ్ యూనిట్లో. కుట్టిన ప్యాంట్లు మా దగ్గరికి అట్టముక్కల్లా బిరుసుగా వస్తాయి. వాటిని తొడల దగ్గర ఉప్పుకాగితంతో గీకి, పెద్ద డ్రమ్ముల్లో తేలికపాటి రాళ్లతో తిప్పి, బ్లీచు పట్టించి, పదేళ్లు వాడినట్టు చేసి పంపుతాం. మీరు షాపులో కొత్తది కావాలని అడిగి పాతదిలా ఉండేదాన్ని ఏరుకుంటారు కదా, ఆ పాతదనం మా దగ్గర తయారవుతుంది.

నా పని చీటీలు. ఏ పార్టీ మాల్, అంటే ఎవరు పంపిన సరుకు, ఎన్ని పీసులు, బట్ట ఏ రంగు, ఏ వాష్ వేయాలి, ఇవన్నీ ఒక్కో లాటుకు కంప్యూటర్‌లో ఎక్కించి చీటీ తీసి ఇవ్వాలి. నేను చేరిన కొత్తల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఉతికేవాళ్లు. ఒకసారి ఒక పార్టీ లాటు ఇంకో పార్టీ రంగులో బయటికొచ్చి పెద్ద రభస అయింది. అప్పుడు నేనొక నియమం పెట్టాను. చీటీ లేనిదే డ్రమ్ము తిరగకూడదు. చీటీలో ఉన్నది ఉన్నట్టు చేయాలి, ఎందుకని అడగకూడదు. ఆ నియమం మీద నాకు చాలా మమకారం ఉండేది. నేను కొట్టిన అక్షరం మీదే యూనిట్ అంతా నడుస్తోందని లోలోపల కాస్త గర్వం కూడా.

టైపింగ్ మీద అంతకంటే ఎక్కువ గర్వం. కుర్రవాడిగా ఉన్నప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేతుల మీద చెక్కపెట్టె బోర్లించి నేర్పించారు నాకు. కింద ఏ అక్షరం ఉందో చూసే వీలే లేదు. అందుకే అరవై ఏళ్ల వయసులోనూ కళ్లు కాగితం మీద, వేళ్లు వాటి దారిన అవి. యూనిట్లో నన్నందరూ టైపప్పా అనేవాళ్లు. యూనిట్ యజమాని, మా సావుకారు ఒక్కడే మాస్టారూ అనేవాడు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కురుగోడు వైపు కాలువ కింద వరి పండించినవాళ్లు. ఆ గౌరవాలు, ఆ యాసా ఇంకా కొంత మిగిలి ఉన్నాయి ఆయనలో.

ఇక కీబోర్డు సంగతి. మా యూనిట్లో గాలి నిండా నీలం నూగు ఎగురుతుంటుంది. పైనుంచి బాయిలరు ఆవిరి. రెండూ కలిసి కీబోర్డులోకి దిగితే అటుకుల పిండిలా ముద్ద కడుతుంది. మూడు నెలలకో కీబోర్డు చచ్చేది. సావుకారు ప్రతిసారీ షాపులో అన్నిటికంటే చవకది తెప్పించేవాడు. అది మెత్తగా, చప్పుడు లేకుండా, నానిన బిస్కెట్ మీద వేలు పెట్టినట్టు ఉండేది. టైపు మిషను మీద పెరిగిన చేతికి అది శిక్ష. విసిగిపోయి, పని మానేయడానికి ఏడాది ముందు, నా సొంతానికి మంచిది కొనుక్కుందామని బెంగళూరు రోడ్డులో కంప్యూటర్ షాపుకు పోయాను.

"మెకానికల్ తీస్కో అంకుల్. ఒక్కో బటన్ కింద ఒక్కో స్ప్రింగ్ ఉండాది. దుమ్ము పడితే పైటోపీలు పీకి కడుక్కోవచ్చు" అన్నాడు షాపతను.

ఒకటి నొక్కి చూశాను. టక్కుమంది. నలభై ఏళ్ల కిందటి శబ్దం. ఆ శబ్దానికి నా ఒళ్లు జలదరించిందంటే మీరు నవ్వుతారు, నవ్వండి. నల్లది ఇవ్వమన్నాను. నల్లవి అయిపోయాయి, ఆటలాడే పిల్లలకని తెప్పించినది ఒక్కటే ఉందన్నాడు. నిలువు వరుసకో రంగు. గులాబీ, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. కింద నుంచి దీపాలు కూడా వెలుగుతాయట. వద్దనుకుంటూ బయటికొచ్చి, సందు చివరిదాకా పోయి, ఆ టక్కు చెవిలోంచి పోక తిరిగొచ్చి కొన్నాను.

ఇంట్లో పెట్టె విప్పగానే మా ఆవిడ, "ఏంది ఇది, సండేస్కూలు పిల్లోళ్లకి తెచ్చినావా?" అంది. యూనిట్లో ఇంకా ఘోరం. పార్టీలు వచ్చినప్పుడల్లా దాన్ని చూసి నన్ను చూసేవాళ్లు. ఆ దీపాలు ఆపడం ఎలాగో నాకు నెలరోజులు తెలియలేదు. నేను గంభీరంగా చీటీ కొడుతుంటే చేతుల కింద ఊరేగింపు నడిచేది. అయినా చెబుతున్నాను, ఆ ఏడాది నేను పనిచేసినంత సంతోషంగా ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చేయలేదు. పొద్దున్నే పోయి కూర్చోవాలనిపించేది.

ఆ రంగులు చూసే ఒకామె నా టేబుల్ దగ్గరికి వచ్చింది. గీకే సెక్షన్‌లో పనిచేసే మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. కురుగోడు దాటి ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, భర్తకు నిలకడైన పని లేదు. తన సెక్షన్ చీటీలు తీసుకోవడానికి వచ్చి, ఒకరోజు అడిగింది.

"టైపప్పా, ఒకటి నొక్కి చూడొచ్చా?"

నొక్కి నవ్వింది. వెంటనే దగ్గింది. ఆ దగ్గు నాకు కొత్త కాదు. రోజంతా బట్ట గీకేవాళ్లందరికీ అంతో ఇంతో ఉండేది. ఈమెకు మాత్రం మాట మధ్యలో ఆపి దగ్గాల్సి వచ్చేది. పీయూసీ, అంటే మీ ఇంటర్, పాసయ్యానని, డాక్టరు ఆ దుమ్ములోంచి బయటికి రమ్మన్నాడని, లేకుంటే ఊపిరితిత్తులు పాడైపోతాయన్నాడని మెల్లగా చెప్పింది.

"బయటికొస్తే యాడికి పోవల్ల? ఈ పని గుడక ల్యాకుంటే పిల్లోళ్లని బడి మానిపించాల్సిందే" అంది.

నేను మరో నాలుగు నెలల్లో మానేస్తున్నాను. నా కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ మాట ఇద్దరం అనలేదు, ఇద్దరికీ అర్థమైంది. మరునాటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక అరగంట నేర్పడం మొదలుపెట్టాను.

నేను మంచి గురువును కాను. ఓపిక తక్కువ. రంగులు ఉన్నాయి కాబట్టి చిటికెన వేలిది గులాబీ, ఉంగరం వేలిది నారింజ అని చెప్పడం సులువైంది, అంతవరకే. ఆమె కళ్లు ఎప్పుడూ కిందే. "అక్షరాలు చూడొద్దమ్మా, తెర చూడు" అని రోజుకు వందసార్లు అనేవాణ్ణి. ఒకరోజు విసుగొచ్చి నా తువ్వాలు ఆమె చేతుల మీద కప్పేశాను. అంతే, ఒక్క మాట సరిగ్గా పడలేదు. తువ్వాలు తీస్తే మళ్లీ బాగానే కొడుతుంది. ఇలా అక్షరాలు వెతుక్కుంటూ కొట్టే మనిషి టైపిస్టు ఎప్పుడవుతుందని నాకు దిగులు. ఆ దిగులుతోనే ఒకరోజు మొండిగా సావుకారు దగ్గరికి పోయి, ఆమె సిద్ధంగా ఉందని చెప్పేశాను.

సావుకారు నవ్వాడు. "గీకే ఆవిడా? మా బావమరిది కొడుకు డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నాడు మాస్టారూ. వాణ్ణి పెట్టుకోమని ఇంట్లో పోరు. సరే, మీ మాట తీసెయ్యను. సోమవారం పొద్దున నేనే కూర్చుని నలభై లాట్లు చదువుతాను. తప్పు లేకుండా కొడితే ఆవిడకే. లేదంటే వాడే" అన్నాడు.

ఆ శనివారమే నేను ఘనకార్యం చేసింది.

పరీక్ష రోజుకు కీబోర్డు శుభ్రంగా ఉండాలనిపించింది. నూగు పట్టి కొన్ని బటన్లు బరువుగా దిగుతున్నాయి. మా యూనిట్లో ఒక ఆచారం ఉంది. ఇంట్లో ఏం మాసినా శనివారం తెచ్చి చిన్న శాంపిల్ డ్రమ్ములో వేయిస్తారు. దుప్పట్లు, చాపలు, స్కూటరు సీటు కవర్లు, పిల్లల బూట్లు. సావుకారు ఇంటి తోరణాలు కూడా అందులోనే ఉతికాం. డ్రమ్ములో శుభ్రం కానిది లేదని మా వాళ్ల నమ్మకం, నాదీ అదే. చిన్న వస్తువులైతే చెడిపోయిన ప్యాంటు కాలులో పోసి రెండు వైపులా కుట్టి వేస్తారు. నేను కూడా బటన్ల పైటోపీలన్నీ పీకి, ప్యాంటు కాలులో పోసి, కుట్టించి, వాషింగ్ మాస్టరుకు ఇచ్చాను. నా నియమం నేనే తప్పకూడదు కదా, పీకక ముందే దానికీ ఒక చీటీ తీసి పెట్టుకున్నాను. పార్టీ పేరు దగ్గర నా పేరు, పీసులు ఒకటి.

చీటీని కొత్తగా కొట్టలేదు. అంతకుముందు లాటు చీటీని కాపీ చేసి, పేరు, అంకె మార్చాను. వాష్ ఏమిటన్న వరుస మార్చడం మరిచాను. అక్కడ స్టోన్, బ్లీచ్, నలభై నిమిషాలు అని ఉంది.

సాయంత్రం నాలుగింటికి మూట విప్పితే గులాబీ, నారింజ, పసుపు, అన్నీ ఉన్నాయి, కాస్త వెలిశాయి, అంతే. అక్షరాలు లేవు. ఒక్కటి కూడా. అన్నిటినీ రాళ్లు అరగదీసి, బ్లీచు కడిగేసింది. గులకరాళ్లలా నున్నగా మెరుస్తున్నాయి.

నేను మాస్టరు మీదికి పోయాను. ప్లాస్టిక్ వస్తువుకు రాళ్లేమిటి, బుద్ధి ఉండక్కర్లేదా అన్నాను. ఆయన వయసులో నాకు సమానుడు, ఇరవై ఏళ్లుగా నా చీటీలు చదువుతున్నవాడు. నిదానంగా జేబులోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టాడు.

"సాబ్, చీటీ మీదే. నలభై నిమిషాలన్నారు, నలభై తిప్పినా. నాకూ అనిపించింది, ఇదేంది అని. అడగొద్దన్నారు కదా మీరు, అడగలా" అన్నాడు.

తల దించుకుని మూట తీసుకుని వచ్చేశాను.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పారో ఒక్క ముక్క ఎక్కలేదు. షాపుకు పోతే తాళం. సోమవారం పదిన్నరకు గానీ తెరవరు, పరీక్ష తొమ్మిదింటికి. నా చీటీ పొరపాటుకు ఎవరివో ప్యాంట్లు పాడైతే పార్టీకి సర్దిచెప్పుకోవచ్చు. ఇక్కడ పాడయ్యేది ఆమె ఊపిరి. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. సోమవారం అందరికంటే ముందు పోయి, రంగును బట్టి వరుస, వాలును బట్టి పైదో కిందిదో పోల్చుకుని, టోపీలన్నీ తిరిగి బిగించాను. నాకేం ఇబ్బంది లేదు, నా వేళ్లకు చూపు అక్కర్లేదు. అదే నన్ను ఇంకా బాధపెట్టింది.

ఆమె మొదటి బస్సుకు వచ్చింది. బల్ల మీదికి చూసింది.

"ఏందప్పా, అచ్చరాలు యాడబోయినాయి?"

జరిగింది చెప్పాను. దాచకుండా, చీటీ కూడా చూపించాను. సావుకారును బతిమాలి పరీక్ష రెండు రోజులు వాయిదా వేయిస్తానన్నాను. ఆమె కూర్చుని, తన ఊరి పేరు కొట్టింది. పిల్లల పేర్లు కొట్టింది. తెర మీదికి తలెత్తి చూసింది. తప్పు లేదు.

"వాయిదా ఏం వద్దప్పా. నేనెప్పుడు అచ్చరాలు చూసినా? రంగు చూసేదాన్ని. గులాబీలో నడిమిది, పసుప్పచ్చలో పైది, అట్ల. నువ్వు అచ్చరాలు చూడొద్దు చూడొద్దు అంటాంటే, చూడట్లేదు గదా, మళ్ల ఈయప్ప ఏం జెప్తాండాడో అనుకుంటాంటి" అంది.

నాలుగు నెలలు ఆమె చేయని తప్పుకు నేను తిట్టానన్నమాట. తువ్వాలు కప్పినప్పుడు నేను దాచింది ఆమె రంగులను. క్షమించమ్మా అన్నాను. ఆమె నవ్వింది, దగ్గింది, కొంగుతో నోరు తుడుచుకుంది.

తొమ్మిదింటికి సావుకారు వచ్చాడు. కీబోర్డు చూసి, "ఏంటి మాస్టారూ, దీన్ని కూడా ఉతికేశారా?" అన్నాడు. ఊరికే అన్న మాటే అనుకున్నాను. మాల్ దింపే టెంపోవాళ్లు రాసి తెచ్చిన పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఆమె నిదానంగా కొడుతోంది. నా వేగం లేదు గానీ తడబాటూ లేదు. పది లాట్లయ్యాయి, ఇరవై అయ్యాయి. నేను వెనక నిలబడి ప్రతి అక్షరానికీ నా కాళ్ల వేళ్లు బిగబట్టుకుంటున్నాను.

"నల్లది, నూట ఇరవై పీసులు, స్టోన్ బ్లీచ్" అని చదివాడు సావుకారు.

ఆమె ఆగిపోయింది. బటన్ దొరకలేదేమో అనుకున్నాను. వంగి మెల్లగా, "ఆకుపచ్చలో కిందిది" అన్నాను.

"అది తెలుసప్పా" అని సావుకారు వైపు తిరిగింది. "సార్, ఈ పార్టీ నల్ల మాల్ పోయిన వారం నేనే గీకినా. ఉప్పుకాగితం తగిలితేనే బూడిదయితాండాది. రాళ్లు, బ్లీచు ఏస్తే గుడ్డే మిగలదు. ఒగసారి వాళ్లని అడగండి సార్."

"పుస్తకంలో అలాగే రాసుంది మరి" అన్నాడు సావుకారు.

పరీక్షలో కూర్చుని ప్రశ్నలేమిటి? "రాసింది కొట్టమ్మా. చీటీ కొట్టేవాళ్లు అడగకూడదు" అన్నాను, కాస్త గట్టిగానే.

"కొడ్తానప్పా. అడిగినంక కొడ్తా" అంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సావుకారు నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు, ఫోన్ తీశాడు. రెండు నిమిషాలు అవతలివాళ్లతో మాట్లాడాడు. టెంపోవాడు రెండు వరుసలు తారుమారు చేసి రాశాడట. నల్లదాన్ని ఉత్తి నీళ్లలో మెత్తబరచడమే, రాళ్లు దాని పక్కనున్న నీలం లాటుకు. ఆ నూట ఇరవై ప్యాంట్లు డ్రమ్ములోకి పోయి ఉంటే చీలికలై వచ్చేవి. నేను ఆ కుర్చీలో ఉండి ఉంటే తప్పు లేకుండా, కళ్లు తిప్పకుండా, మంచి వేగంతో ఆ చీటీ కొట్టి పంపేవాణ్ణి.

మిగిలిన లాట్లు కూడా చదివాడు. చివర్లో అలసిపోయి ఒక పేరులో ఒక అక్షరం ఎక్కువ కొట్టింది. తప్పు లేకుండా కొడితేనే అన్నది ఒప్పందం. సావుకారు ఆ పేరు మీద వేలు పెట్టాడు.

"ఇది దిద్దు. రేపట్నుంచి ఇక్కడే కూర్చో అమ్మా" అన్నాడు. లేచిపోతూ నా దగ్గర ఆగి, "శనివారం మీ చీటీని కూడా ఎవరైనా ఇలా అడిగి ఉంటే బావుండేది మాస్టారూ" అన్నాడు. పొద్దున్నే వాషింగ్ మాస్టరు ఆయనకు అంతా చెప్పేశాడన్నమాట.

అడగకూడదన్న నా నియమాన్ని ఆమె మర్నాడే మార్చింది. ఇప్పుడు చీటీలో అనుమానం ఉంటే ఎవరైనా వచ్చి అడగాలట, అడగకపోతే తిడుతుందట. ఈ మధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు అనుభవంలోంచి ఏదైనా చెప్పమంటే నేను ఇదే చెబుతాను. మీరు పెట్టిన నియమం మీకే తిరిగొచ్చి తగిలినప్పుడు, దాన్ని మార్చేవాళ్లు పక్కనే ఉండేలా చూసుకోండి.

నేను మానేసే రోజు కీబోర్డును ఆమెకే వదిలేశాను. బెంగళూరు రోడ్డు షాపులో అక్షరాలున్న కొత్త టోపీల సెట్టు కూడా దొరికితే కొని తీసుకుపోయాను, చేసిన నష్టం పూడ్చుకుందామని. ఆమె పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి, విప్పకుండా నా చేతికే ఇచ్చేసింది.

"వద్దప్పా. ఇవి ఏస్తే ఎవురైనా వచ్చి ఈడ కూచుంటారు. ఇట్లుంటే నేనొక్కదాన్నే కూచోగలను" అంది.

సావుకారు బావమరిది కొడుకు ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడట. రెండుసార్లూ కుర్చీ వెనక నిలబడి, ఆ నున్నటి రంగుల వంక కాసేపు చూసి, టీ తాగి వెళ్లిపోయాడట.

మొన్న ఆమె ఫోన్ చేసింది. పెద్ద పిల్ల పీయూసీలో చేరిందని చెప్పడానికి. యూనిట్ కబుర్లన్నీ చెప్పింది. పావుగంట మాట్లాడింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.